కుదరదన్న మాటకు కాగితం అడగండి



మధురై నుంచి తేనికి వచ్చే దారిలో ఉసిలంపట్టి దాటాక రోడ్డు కొండల మధ్యకు దూరుతుంది. ఆ కనుమను మా వైపు కనవాయి అంటారు. కొచ్చి నుంచి తొండి దాకా పోయే 85వ నంబరు జాతీయ రహదారి అదే. ఆ మలుపులు దిగితే ఆండిపట్టి. బయటివాళ్ళకు ఇది ఎంజీఆర్ నియోజకవర్గం. 1984 ఎన్నికల్లో ఆయన అమెరికా ఆసుపత్రిలో ఉండగానే ఇక్కడ గెలిచారు. మాకు మాత్రం ఇది మగ్గాల ఊరు, మల్లెపూల ఊరు, ములక్కాడల ఊరు. పూలూ కాయలూ వాడకముందే మార్కెట్టుకు చేరాలి గనక డ్రైవర్ల ఊరు కూడా. నాయక రాజుల కాలం నుంచి ఇక్కడే ఉన్న కంబళత్తు నాయకర్ల ఇళ్ళలో, నాయుళ్ళ ఇళ్ళలో, అరుంధతీయుల ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. చాలామందికి తెలుగు చెవికే తెలుసు, అక్షరం తెలియదు. అందుకే ఇవాళ చెప్పబోయే సంగతి పత్రికకు రాసి పంపకుండా రేడియోలో చెబుతున్నాను.

బండి నేర్పే పనికి లైసెన్సు అడిగితే ఆర్టీవో ఆఫీసువాళ్ళు కాదన్నారు. అప్పుడేం చేయాలి? అదీ సంగతి.

మా అక్క కొడుకు ఒకడున్నాడు. పదో తరగతి పాసయ్యాడు, ఐటీఐలో రెండేళ్ళు మోటారు మెకానిక్ చదివాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు చిన్న లోడు బండి మీద ములక్కాడలు ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు తోలాడు. పెళ్ళయ్యాక వేరే జిల్లాలో స్థిరపడ్డాడు. వాడికి బండి తోలడం ఎంత వచ్చో నాకు ఎప్పటి నుంచో తెలుసు. నేర్పడం ఎంత వచ్చో మాత్రం ఒక రోజే తెలిసింది. పండక్కి వచ్చినప్పుడు మా అమ్మాయికి కారు నేర్పుతానన్నాడు. దానికి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి నెల కూడా కాలేదు. ముందూ వెనకా ఎల్ బోర్డులు కట్టి, కనవాయి కింద రద్దీ లేని ఒక పక్క దారిలో, చిన్న ఎత్తు మీద బండి ఆపించాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ముందుగా వాడు దిగి వెళ్ళి ఒక రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టాడు. తర్వాత పక్క సీట్లో కూర్చుని హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసి, "ఇంజను చప్పుడు విను, నా మాట వినొద్దు" అన్నాడు. క్లచ్ సగం దాకా వదిలినప్పుడు ఇంజను గొంతు మారుతుంది. ఆ మార్పు చెవికి అందేదాకా హ్యాండ్‌బ్రేకు వదలనివ్వలేదు. నాలుగుసార్లు బండి ఆగిపోయింది. ఐదోసారి రాయి ఉన్నది ఉన్నట్టే ఉండిపోయి బండి ముందుకు పోయింది. ఆ నాలుగుసార్లూ వాడు గొంతు పెంచలేదు. వీడు డ్రైవింగ్ స్కూలు పెట్టాలి అని ఆ రోజే అనుకున్నాను.

పెట్టడానికి పూనుకున్నాడు కూడా. రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు, పాత కారు కొని రెండో బ్రేకు, రెండో క్లచ్ పెట్టించాడు, అప్లికేషన్ ఇచ్చాడు. ఏ ఊరి ఆఫీసో చెప్పను. కొన్ని వారాలు తిప్పుకుని ఒక రోజు కౌంటరు దగ్గర ఎవరో "ఇది కుదరదు, వెళ్ళు" అన్నారు. అంతే. చేతికి కాగితం లేదు, కారణం లేదు. వాడు తిరిగొచ్చేశాడు. కారు ఏడాది పాటు ఇంటి ముందు ఎండకు ఎండింది. నాకు చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాడు. చివరికి మా అక్క ఏడుస్తూ ఫోను చేస్తే తెలిసింది. "ఏం చేసేది మామా, కుదరదు అనేసినారు" అన్నాడు.

శ్రోతలారా, ఆ ఒక్క మాట దగ్గరే మనవాళ్ళు వందల మంది ఆగిపోతున్నారు. పెద్దాఫీసులో మనిషి నోటితో అన్న మాటను తీర్పు అనుకుంటున్నారు. అది తీర్పు కాదు. చట్టం దృష్టిలో అది అసలు నిర్ణయమే కాదు.

చట్టం ఏమంటుందో వినండి. మన దేశంలో డబ్బు తీసుకుని బండి నేర్పాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 12వ సెక్షన్ కింద, 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 24వ నిబంధన ప్రకారం లైసెన్సు ఉండాలి. ఇన్‌స్ట్రక్టరుకు విడిగా లైసెన్సు లేదు. స్కూలుకే లైసెన్సు. నేర్పే మనిషి అర్హతను ఆ స్కూలు అప్లికేషన్‌లో భాగంగా చూస్తారు. ఆ మనిషి పదో తరగతి పాసై ఉండాలి. ఐదేళ్ళు బండి తోలిన అనుభవం ఉండాలి. దానికి తోడు గుర్తింపు ఉన్న సంస్థ నుంచి మోటారు మెకానిక్ సర్టిఫికెట్ గానీ అంతకు మించిన చదువు గానీ ఉండాలి. ట్రాఫిక్ గుర్తులు తెలియాలి, బండి భాగాలు విప్పి చూపి చెప్పగలగాలి. ఇంగ్లీషు గానీ ఆ ప్రాంతపు భాష గానీ వచ్చి ఉండాలి. ఇక్కడ ప్రాంతపు భాష తమిళం. బడిలో నేర్చిన తమిళం మన పిల్లలకు ఈ చోట అక్కరకొస్తుంది. ఇవి కాక పాఠం చెప్పడానికి గది, బండ్లు నిలపడానికి జాగా, రెండు కంట్రోళ్ళున్న బండి, బ్లాక్‌బోర్డు, సిగ్నళ్ళ చార్టులు, స్పానర్లు, పంక్చరు సామాను, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. జాబితా పొడవే. ఆఫీసు నోటీసుబోర్డులోనో నిబంధనల పుస్తకంలోనో చూసుకోండి.

అదే 24వ నిబంధనలో ఇంకో మాట ఉంది. దాన్ని మాత్రం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టిన ఆఫీసు నేను చూడలేదు. అప్లికేషన్‌ను కాదనే ముందు ఆ మనిషిని పిలిచి అతని మాట వినాలి. కాదంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ రెండూ జరగకుండా ఏ అప్లికేషన్‌నూ తోసిపుచ్చడానికి వీల్లేదు. అప్లికేషన్ అందిన 90 రోజుల్లో విషయం తేల్చాలి కూడా.

మా మేనల్లుడి విషయంలో మొదట చేసిన పని ఇదే. ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాయించాను, తమిళంలో. ఫలానా తేదీన అప్లికేషన్ ఇచ్చాను, ఇంతవరకు రాతపూర్వకమైన ఉత్తర్వు అందలేదు, 24వ నిబంధన ప్రకారం నా మాట విని, నిర్ణయాన్ని కారణాలతో సహా రాసి ఇవ్వండి. దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు తిరిగి వచ్చేలా పంపించాడు. మూడు వారాల్లో పిలుపొచ్చింది. వెళ్ళి మాట్లాడొచ్చాడు. తర్వాత ఉత్తర్వు వచ్చింది, అదీ కాదనే. కానీ ఈసారి కాదన్న కాగితం చేతిలో ఉంది. కారణాలు రెండే. డ్రైవింగ్ అనుభవం ఐదేళ్ళు నిండలేదు. బండి నిలపడానికి చాలినంత జాగా లేదు.

ఎనిమిదేళ్ళు తోలినవాడికి ఐదేళ్ళు నిండలేదా అని మా అక్క బాధపడింది. కాగితం ముందు పెట్టుకుని చూస్తే మర్మం తెలిసింది. పెళ్ళయ్యాక అడ్రసు మార్పించుకున్నప్పుడు లైసెన్సుకు కొత్త కార్డు వచ్చింది. ఆ కార్డు మీద ప్రముఖంగా కనిపించేది కొత్త తేదీ. ఆఫీసువాళ్ళు దాని నుంచి లెక్కపెట్టారు. జాగా సంగతీ అంతే. గదుల వెనక ఖాళీ స్థలం ఉంది, యజమాని వాడుకోమన్నాడు. కానీ అద్దె అగ్రిమెంటులో రెండు గదులే రాశారు, స్థలం మాట లేదు. అంటే లోపం మనిషిలో లేదు, కాగితంలో ఉంది. కాగితంలో ఉన్న లోపానికి మందు కాగితమే. నోటితో ఎంత మొత్తుకున్నా అది మానదు.

ఇక అప్పీలు. తమిళంలో దీన్ని మేల్ మురైయీడు అంటారు. 29వ నిబంధన దీనికే ఉంది. స్కూలు లైసెన్సు ఇవ్వననో, ఉన్నదాన్ని నిలిపేస్తున్నాననో, రద్దు చేస్తున్నాననో ఉత్తర్వు వస్తే, అది మీ చేతికి అందిన 30 రోజుల్లోపు రాష్ట్ర రవాణా శాఖ అధిపతికి అప్పీలు చేసుకోవచ్చు. తమిళనాడులో అంటే చెన్నైలోని రవాణా కమిషనరుకు. రాసుకోండి, మళ్ళీ చెబుతున్నాను, 30 రోజులు. ఎలా చేయాలో 30వ నిబంధనలో ఉంది. రెండు ప్రతులు ఇవ్వాలి. ఉత్తర్వులో ఏ కారణం ఎందుకు తప్పో విడివిడిగా రాయాలి. 2016లో సవరించిన పట్టిక ప్రకారం అప్పీలు రుసుము 500 రూపాయలు. స్కూలు లైసెన్సుకు కట్టేది 10,000. గడువు దాటిపోయి మళ్ళీ కొత్త అప్లికేషన్ పెట్టుకోవాల్సి వస్తే ఆ పదివేలూ మళ్ళీ కట్టాలి. మా మేనల్లుడు మొదటిసారి నోటిమాట నమ్మి ఊరుకున్న ఏడాదిలో గదుల అద్దెకే అంతకు ఎన్నో రెట్లు పోయింది.

అప్పీలులో కష్టాలు రాసుకోవడం మనవాళ్ళకు అలవాటు. నేను పేదవాణ్ణి, ఇద్దరు పిల్లలు, దయచూడండి అని రెండు పేజీలు. మా వాడు కూడా మొదట అలాగే రాశాడు. నేను ఆ రెండు పేజీలూ పక్కన పెట్టించాను. వాడి కష్టం అబద్ధం కాదు, కానీ ఆ రెండు కారణాలకూ అది జవాబు కాదు. అనుభవం లేదన్నారా? పాత కార్డు జిరాక్సు, సారథి వెబ్‌సైటు నుంచి తీసిన లైసెన్సు వివరాల ప్రింటు, ఎనిమిదేళ్ళు పనిచేయించుకున్న లోడు బండి యజమాని సంతకం చేసిన ఉత్తరం. జాగా లేదన్నారా? వెనక స్థలం కూడా కలిపి రాసుకున్న కొత్త అగ్రిమెంటు, టేపుతో కొలిచి గీసిన ప్లాను, ఆ స్థలంలో కారు నిలిపి తీసిన ఫోటో. మొత్తం ఒకటిన్నర పేజీ, వెనక ఆరు జతపత్రాలు. ఉత్తర్వు అందిన 27వ రోజున పోస్టులో వేశాడు. ఆ మూడు రోజుల తేడా తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

ఈ తొందరలో ఒక పొరపాటు జరగబోయింది. కాపాడుకున్నాం గనక చెబుతున్నాను. ఎవరో సలహా ఇచ్చారు, ముందు సమాచార హక్కు కింద ఫైలు నకలు తెప్పించుకో, అప్పుడు అప్పీలు రాయి అని. 2005 నాటి ఆ చట్టం గొప్పదే. పది రూపాయలతో ఫైలు మన చేతికొస్తుంది. కానీ సమాచారం ఇవ్వడానికి ఆఫీసుకున్న గడువూ 30 రోజులే. అది వచ్చేసరికి మన అప్పీలు గడువు తీరిపోతుంది. ఆ అర్జీ పెట్టండి, తప్పక పెట్టండి. దాని కోసం అప్పీలు ఆపకండి. ఫైలు వచ్చాక విచారణ రోజున చూపించుకోవచ్చు.

ఇంకో భయం వాడికి ఉండేది. ఈ రెండు కారణాలూ పడిపోతే వాళ్ళు మూడోది తీస్తారేమోనని. దానికి జవాబు మన సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మొహిందర్ సింగ్ గిల్ కేసు, 1977 డిసెంబరు నాటి తీర్పు, రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. అది ఎన్నికల కేసు, బండ్లకు సంబంధం లేదు. కానీ అందులోని సూత్రం ప్రతి ఆఫీసుకూ వర్తిస్తుంది. అధికారి ఇచ్చిన ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత కొత్త కారణాలు తెచ్చి దానికి ఊతం పెట్టడానికి వీల్లేదు. అందుకే కాగితం అడగండి అని ఇంతగా చెబుతున్నాను. కారణం కాగితం మీదికి ఎక్కితే అది మనల్ని ఎంత కట్టేస్తుందో వాళ్ళనూ అంతే కట్టేస్తుంది.

విచారణకు వాడు చెన్నై వెళ్ళొచ్చాడు. లాయరు లేడు, వాడే మాట్లాడాడు. పావుగంట కూడా పట్టలేదట. జాగాను మళ్ళీ తనిఖీ చేసి, లైసెన్సు తేదీలు మొదటి నుంచి లెక్కించి, కొత్తగా నిర్ణయం తీసుకోమని కింది ఆఫీసుకు ఉత్తర్వు పంపారు. గెలుపని వాడు ఎగరలేదు, ఎందుకంటే లైసెన్సు అప్పుడే చేతికి రాలేదు. ఇంకో తనిఖీ, ఇంకో రెండు నెలలు. తర్వాత వచ్చింది. అప్పీలు నడుస్తున్నన్నాళ్ళూ ఒక్కరి దగ్గర కూడా రూపాయి తీసుకుని బండి నేర్పవద్దని వాడికి గట్టిగా చెప్పాను, వాడు విన్నాడు. ఇంట్లోవాళ్ళకు ఊరికే నేర్పడం వేరు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ళ పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలని నిబంధనలే చెబుతున్నాయి. డబ్బు తీసుకుంటే మాత్రం అది లైసెన్సు లేని స్కూలు అవుతుంది. చేతులారా మన కేసు మనమే చెడగొట్టుకున్నట్టవుతుంది.

కమిషనరు దగ్గర కూడా న్యాయం జరగకపోతే? హైకోర్టు ఉంది. మా తేని, మధురై జిల్లాలవాళ్ళు అందుకు చెన్నై దాకా పోనక్కర్లేదు. 2004లో మధురైలోనే మద్రాసు హైకోర్టు బెంచి వచ్చింది. మా కొండల అవతల కేరళలో ఏం జరిగిందో కూడా వినే ఉంటారు. డ్రైవింగ్ టెస్టుల మీద, స్కూలు బండ్ల మీద ప్రభుత్వం కొత్త షరతులు పెడితే 2024 మేలో అక్కడి స్కూళ్ళు సమ్మె చేశాయి, కోర్టుకూ వెళ్ళాయి. 2025లో కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. వాళ్ళు ఒక సంఘంగా కదిలారు. మన దగ్గర ఒక్కొక్కడూ ఒంటరిగా కౌంటరు ముందు నిలబడి, ఒంటరిగా తిరిగొస్తున్నాడు.

ఇప్పుడు నాకు మనసులో ఉన్న ఇంకొక మాట. మన నిబంధనలు నేర్పే మనిషికి బండి తెలుసా, మెకానిజం తెలుసా అని అడుగుతున్నాయి. నేర్పడం తెలుసా అని అడగడం లేదు. ఇంగ్లండులో వేరే పద్ధతి ఉంది. అక్కడ ఇన్‌స్ట్రక్టరు కాదలచినవాడికి పరీక్షల మధ్యలో, పాఠం చెప్పడం అలవాటయ్యేందుకు ఆరు నెలల ట్రైనీ లైసెన్సు ఇస్తారు. గులాబీ రంగు బ్యాడ్జి, కారు అద్దానికి పెట్టుకుంటాడు. ఆరు నెలల్లో చివరి పరీక్ష దాటలేకపోతే రెండో ట్రైనీ లైసెన్సు అడుగుతాడు. రిజిస్ట్రారు కాదంటే ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. పాత లైసెన్సు గడువు తీరకముందే రెండోదానికి అప్లికేషన్ పెట్టి ఉంటే, ఆ అప్పీలు తేలేదాకా పాతదే చెల్లుతుంది. ఆ ట్రిబ్యునల్ తీర్పుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఒకటుంది. ట్రైనీ లైసెన్సు ఉన్నది అనుభవం సంపాదించుకోవడానికే, పరీక్ష పాసయ్యేదాకా దాని మీదే బతకడానికి కాదు అని. వినడానికి కఠినంగా ఉన్నా నాకది సబబుగానే తోస్తుంది. నేర్చుకునే పిల్ల ప్రాణం ఆ పక్క సీట్లో కూర్చున్నవాడి చేతిలో ఉంటుంది కదా.

అందుకే లైసెన్సు కాదన్న ప్రతి ఆఫీసరూ తప్పు చేశాడని నేను అనను. రెండు కంట్రోళ్ళు లేని బండితో, అద్దెకు తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో వచ్చేవాళ్ళు ఉన్నారు. కారు నేర్పడానికి 21 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు పట్టించే సమయం 10 గంటలకు తగ్గకూడదు అని 31వ నిబంధన చెబుతుంటే, వారం రోజుల్లో మైదానంలో ఎనిమిది వేయించి పంపేసేవాళ్ళూ ఉన్నారు. అలాంటివాళ్ళను ఆపాల్సిందే. కనవాయిలో బండి పడితే గాయపడ్డవాళ్ళను తీసుకుపోయేది క.విలక్కు మెడికల్ కాలేజీ ఆసుపత్రికి. అక్కడి క్యాజువాల్టీ బయట ఒక రాత్రి కూర్చున్నవాణ్ణి నేను. ఆ బెంచీ మీద కూర్చున్న ఏ తల్లి అయినా, బండి నేర్పే మనిషిని పరీక్షించకుండా వదిలేయమని అడగదు. పరీక్షించమనే నేనూ అంటున్నాను. పరీక్షించి కాదంటే కారణం చెప్పమంటున్నాను.

2021 నుంచి గుర్తింపు పొందిన పెద్ద శిక్షణ కేంద్రాలకు కొత్త నిబంధనలు వచ్చాయి. మైదాన ప్రాంతంలో రెండెకరాల స్థలం కావాలి, సిమ్యులేటరు కావాలి. వాటిలో పాసైతే ఆర్టీవో టెస్టు అక్కర్లేదు. అవి మంచివే కావచ్చు. కానీ ఆండిపట్టి పక్క పల్లెలో ఉండే అమ్మాయి రెండెకరాల కేంద్రం వెతుక్కుంటూ ఎంత దూరం పోతుంది? ఆమెకు నేర్పేది ఇలాంటి రెండు గదుల స్కూళ్ళే. అవి మిగలాలంటే నిజాయితీగా నడిపేవాళ్ళు కౌంటరు దగ్గర ఓడిపోకూడదు.

మా మేనల్లుడి స్కూలుకు ఇప్పుడు రెండు కార్లు. లైసెన్సు ఐదేళ్ళకు ఇస్తారు. గడువు తీరడానికి 60 రోజుల ముందే రెన్యువల్‌కు పెట్టాలి. ఆ తేదీని వాడు గోడ మీద కేలెండరులో ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకున్నాడు. ఎత్తు మీద బండి ఆపించే పాఠానికి వాడి కారు డిక్కీలో ఇప్పటికీ ఒక రాయి ఉంటుంది.

వింటున్నవాళ్ళలో ఎవరి దగ్గరైనా ఇలాంటి కాగితం ఉంటే, ఈ రాత్రే తీసి చూడండి. అది మీ చేతికి అందిన తేదీని కాగితం వెనక రాయండి. పోస్టు కవరు పారేయకండి, దాని మీది ముద్రే మీకు సాక్ష్యం. తమిళం రాయడం రాకపోతే మీ ఇంట్లో బడికి వెళ్ళే పిల్ల రాస్తుంది, మీరు తెలుగులో చెప్పండి చాలు. 30 రోజుల్లో ఇంకా ఒక్కటి మిగిలి ఉన్నా రేపే పోస్టాఫీసుకు వెళ్ళండి.